పద్దెనిమిది బల్ల కార్డులు

అమ్మగారు పోయిన తొమ్మిదో రోజున అయ్యగారు మా ఇంటికి వచ్చారు. మా సంఘంలో పాస్టరు గారిని అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ అంటాం. వయసుతో పని లేదు. నాకు డెబ్భై నాలుగు, ఆమెకు ముప్పై ఎనిమిది. అయినా ఆమె నాకు అమ్మగారే.

ఆయన జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన చిన్న కట్ట తీసి నా చేతిలో పెట్టారు.

"ఆవిడ బైబిలు సంచిలో ఉన్నాయండి టీచర్ గారూ. ఇవి సంఘానివి. మీకు అప్పజెప్పాలి కదా."

లేత నీలం అట్ట ముక్కలు. నేనే రాజమండ్రిలో అచ్చు వేయించి, నేనే కత్తెరతో అంచులు సరిచేసినవి. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పద్దెనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను. పద్దెనిమిదే. మా సంఘంలో ఇంతవరకు జరిగిన ప్రభువు బల్లలు కూడా పద్దెనిమిదే. అరుగు మీద కూర్చుండిపోయాను.

ఈ కార్డుల సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మాది ప్రెస్బిటేరియన్ సంఘం. మూడు నెలలకొకసారి ప్రభువు బల్ల ఉంటుంది, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటాం. ముందు రోజు శనివారం సాయంత్రం సంఘపెద్దలు ప్రతి సభ్యుడికీ ఒక కార్డు ఇస్తారు. ఎవరితోనైనా మనసులో తేడా ఉంటే తెల్లారేలోపు వెళ్ళి సరిచేసుకోవాలి. ఆదివారం ఆ కార్డు పళ్ళెంలో వేసి రొట్టె తీసుకోవాలి. సరిచేసుకోలేనివాళ్ళు కార్డు తమ దగ్గరే ఉంచుకుని, బల్ల దగ్గరకు రాకుండా ఉండిపోతారు. ఎందుకని ఎవరూ అడగరు. ఎక్కడో పాత సంఘాల్లో ఉండిన పద్ధతట. అయ్యగారు చదివి, మా దగ్గర మళ్ళీ మొదలుపెట్టారు.

అంటే ఆమె పద్దెనిమిదిసార్లు కార్డు తీసుకుంది. ఒక్కసారి కూడా రొట్టె తీసుకోలేదు. పాస్టరు గారి భార్య!

"ఎవరితో అండీ?" అన్నాను.

ఆయన నేలకేసి చూశారు. "మీతోనండి."

"నాతోనా?"

"బాబు పేరు సంగతి." అంతే అన్నారు. కాఫీ అక్కర్లేదని లేచి వెళ్ళిపోయారు.

ఆమె పోయిందంటే కూడా నాకింకా నమ్మకం కుదరడం లేదు. సోమవారం సాయంత్రం నాలుగుంబావుకు నాతో ఫోన్లో మాట్లాడింది. మంగళవారం ఉదయం సంఘం చాపలు ఎండలో వేస్తూ, నాలుగో చాప దగ్గర కూలిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. రాజమండ్రి చేరేలోపే అయిపోయింది. మా సంఘానికి ఇంకా సమాధుల స్థలం లేదు. పక్క ఊరి పాత సంఘం వాళ్ళు పెద్ద మనసుతో చోటిచ్చారు.

ఆ కుటుంబం మా ఊరికి వచ్చి నాలుగేళ్ళ ఎనిమిది నెలలు. రాజమండ్రిలోని తల్లి సంఘం వాళ్ళు రావులపాలెం దగ్గర కొత్త సంఘం నాటమని పంపారు. నేను లెక్కల టీచరుగా రిటైరయి ఇక్కడే స్థిరపడ్డాను. పాస్టరు ఒక్కడి మాట మీద కాకుండా, పెద్దలు కూర్చుని, రాసుకున్న నియమాల ప్రకారం నడిచే సంఘం అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. మొదటి నెలలోనే రిజిస్టర్లు నా చేతికి వచ్చాయి.

కూడుకోవడానికి దొరికింది ఒక పాత అరటి గెలల షెడ్డు. యజమాని షావుకారు గారు పక్కనే కొత్త షెడ్డు కట్టుకుని ఇది మాకు అద్దెకిచ్చాడు. మొదటి ఆదివారం ఆయన గుమ్మంలో నిలబడి, "మీ దేవుడికి మా అరటిపళ్ళ వాసన పడుతుందా అమ్మా?" అన్నాడు.

"దేవుడి సంగతేమో గానీ బాబాయ్ గారూ, మా పిల్లలకి తెగ పడుతుందండి. పాట మధ్యలో ఆపేసి మీ గెలల వైపే చూస్తున్నారు," అంది అమ్మగారు. ఆయన నవ్వి రెండు అత్తాల అరటిపళ్ళు పంపించాడు. ఆ తరవాత ప్రతి ఆదివారం పంపించాడు.

షెడ్డు గోడలకు అరటి సొన మరకలు. ఎవరు ఆనుకున్నా బట్ట పాడయ్యేది, ఆ మరక ఏ సబ్బుకీ పోదు. ఆమె రెండు తెల్లచీరలకూ అవి పడ్డాయి. నేనైతే ఆ చీరలు మళ్ళీ కట్టను. ఆమె అవే కట్టుకుని, మరకను కుచ్చిళ్ళలోకి మడిచేది.

నడకలో చప్పుడు ఉండేది కాదు. వెనక నుంచి వచ్చి భుజం మీద రెండు వేళ్ళు ఆనించేది, పిలిచేది కాదు. నవ్వితే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. పాడేటప్పుడు మాత్రం గొంతు షెడ్డు దాటిపోయేది. కొబ్బరిపీచు పనికి వెళ్ళే ఒకావిడ మొదటిసారి వచ్చి అటూ ఇటూ చూసి, "డ్రమ్ములు లేవేంటండీ అమ్మగారూ? మరి దేవుడికి ఎలా ఇనబడుద్దండీ?" అని అడిగింది. "మన గొంతులు చాల్లెండి. పక్కనే హైవే ఉంది కదా, లారీల కన్నా గట్టిగా పాడితే సరి," అంది ఈమె. ఆవిడ ఇప్పటికీ లారీల కన్నా గట్టిగానే పాడుతోంది.

ఆమె పుట్టిల్లు ఉప్పాడ. వాళ్ళ నాన్నగారు రెండుసార్లు ఇల్లు వెనక్కి జరిపి కట్టుకున్నారట. రెండూ సముద్రం తీసుకుంది. అందుకేనేమో, అద్దె ఇంట్లో గోడలన్నీ ఖాళీగా ఉండేవి. ఒక క్యాలెండరన్నా లేదేమిటని నేనొకసారి అడిగాను.

"మా ఊళ్ళో గోడకి మేకు కొట్టరండి టీచర్ గారూ. గోడ మనది కాదు, సముద్రానిది."

"ఇక్కడ సముద్రం లేదు కదండీ, కాలవే కదా."

"కాలవని నమ్మొచ్చంటారా?" అని నవ్వింది.

రెండు ట్రంకు పెట్టెలు, ఒక గ్యాసు పొయ్యి, పన్నెండు చాపలు. అంతే ఆమె సంసారమూ, సంఘమూ. చాపలు పరచడానికి ఏడు నిమిషాలు, చుట్టడానికి ఆరు. గడియారం చూసి చెబుతున్నాను.

మా ఇద్దరికీ ఒక్క విషయంలో కుదిరేది కాదు. ఆదివారం నేను హాజరు రాసి, "ఇరవై ఏడుగురండీ, పోయినవారం కన్నా ముగ్గురు ఎక్కువ," అని సంతోషంగా చెప్పేదాన్ని. "కొబ్బరి దింపే ఆయన భార్య రాలేదండి," అనేది ఆమె. ముప్పై నలుగురు వచ్చిన రోజున కూడా, "ఐటీఐ కుర్రాడు కనపడలేదేంటి?" అంది. నాకు ఒళ్ళు మండేది. వచ్చినవాళ్ళ ముఖాలు చూసి సంతోషపడదేమిటి ఈ మనిషి అనుకునేదాన్ని. సాయంత్రానికి ఆ రానివాళ్ళ ఇంటి ముందు ఆమె చెప్పులు ఉండేవి.

ప్రభువు బల్ల జరిగేటప్పుడు చిన్నపిల్లల్ని తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్ళేది. సంవత్సర నివేదికలో నేను ఆ సంగతి రాశాను: "అమ్మగారు తల్లులందరూ బల్లలో పాల్గొనేందుకు వీలుగా పిల్లల బాధ్యత తాము తీసుకుంటున్నారు." మా సంఘాలన్నిటినీ పైనుంచి చూసే మండలి నుంచి వచ్చిన పెద్దల ముందు నిలబడి చదివాను కూడా. ఆమె తల వంచుకుని వింది. అణకువ అనుకున్నాను. ఆమెకు రొట్టె ఎప్పుడు, ఎవరు ఇస్తున్నారన్న ప్రశ్న నాకు రాలేదు. విడిగా ఇంట్లో ఇవ్వడం మా నియమాల్లో లేదు. ఆ నియమం అందరికన్నా బాగా తెలిసినదాన్ని నేనే.

ఇక బాబు సంగతి.

వాళ్ళు వచ్చిన మొదటి సంవత్సరం జులై చివర ఆమెకు బాబు పుట్టాడు. అప్పటికి ఏడేళ్ళ కూతురు ఉంది. మా సంఘాల్లో పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తాం, పేరు ఆ రోజే అందరికీ చెబుతాం. ఆగస్టు రెండో ఆదివారం ఇద్దామని అయ్యగారు అనుకున్నారు. అప్పటికి మాకు సొంత రిజిస్టరు లేదు, ఎవరి పేరైనా రాజమండ్రి తల్లి సంఘం పుస్తకంలో రాయాలి. మా రిజిస్టరు బైండింగులో ఉంది. సెప్టెంబరు మొదటి ఆదివారం మొదటి ప్రభువు బల్ల, అదే రోజున రిజిస్టరు ప్రారంభం.

ఆగస్టు రెండో ఆదివారానికి ముందు వారం నేను వాళ్ళింటికి వెళ్ళాను. "నాలుగు వారాలు ఆగండి అయ్యగారూ. మన సంఘం బాప్తిస్మాల పుస్తకంలో ఒకటో వరుసలో మీ బాబు పేరే ఉండాలి. వందేళ్ళ తరవాత తెరిచినా మొదటి పేరు అదే కనపడాలి," అన్నాను. ఆమె బాబును ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉంది. "ఒకటో నంబరా? మావాడికా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తరవాత, "పెద్దావిడ ముచ్చటపడుతున్నారు. ఆగుదామండీ," అంది భర్తతో.

పందొమ్మిది రోజులు బతికాడు. ఆ రెండో ఆదివారం దాటిన తరవాత జ్వరం వచ్చింది. రాజమండ్రిలో ఆసుపత్రిలో పోయాడు. అటు నుంచి అటే ఉప్పాడ తీసుకెళ్ళి, వాళ్ళ వాళ్ళ సమాధుల పక్కన పెట్టి వచ్చారు. మాకు ఆ పై ఆదివారం తెలిసింది. వెళ్ళాను, ఏడ్చాను, రెండు రోజులు వండి పంపించాను. సెప్టెంబరులో మా దర్జీ గారి మనవరాలి పేరు ఒకటో వరుసలో రాశాను.

ఇవన్నీ నాకు గుర్తున్న సంగతులే. మరిచిపోయింది ఆ తరవాతది. కార్డులు చేతిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు అది గుర్తొచ్చింది.

అక్టోబరులో ఆమె మా ఇంటికి వచ్చింది. మజ్జిగ ఇచ్చాను. గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"టీచర్ గారూ, ఒక మాట. బాబు పేరు పుస్తకంలో ఎక్కడైనా రాస్తారా?"

"బాప్తిస్మం కాలేదు కదండీ. ఏ కాలమ్‌లో రాయను?"

"కాలమ్ లేకపోయినా పర్లేదండి. వెనక పేజీలో అయినా."

"వెనక పేజీలు అనుక్రమణికకి వదిలానండీ. మండలి వాళ్ళు ఏడాదికోసారి తనిఖీ చేస్తారు. ఇదేమిటని అడిగితే ఏం చెప్పను?"

"అవునండి," అంది. మజ్జిగ తాగేసి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళింది. నేను ఆ రోజు తప్పు చేశానని అనుకోలేదు. నియమం చెప్పాననుకున్నాను. పేరేమిటని అడగను కూడా లేదు.

మరుసటి ఏడు తుఫాను వెళ్ళిన వారానికి మళ్ళీ వచ్చింది. "ఈసారి మా ఊళ్ళో సముద్రం బాగా లోపలికి వచ్చిందండి," అని మొదలుపెట్టింది. "అవును, పేపర్లో చూశాను. రోడ్డు కూడా కోసేసిందట కదా," అని నేను అందుకున్నాను. రోడ్డు గురించి, రాళ్ళ గోడ గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. ఆమె వింది. లేస్తూ, "వస్తానండి," అంది.

ఆ తరవాతి వేసవిలో నాకు డెంగీ వచ్చింది. పన్నెండు రోజులు ఆమె రెండు పూటలా గంజి తెచ్చింది. నా తల దువ్వింది. నా మీద మనసులో అంత బరువు పెట్టుకున్న మనిషి నా జడ చిక్కు ఒక్క వెంట్రుక తెగకుండా తీసింది. ఈ రెండింటినీ ఎలా కలపాలో నాకు ఈ రోజుకీ తెలియడం లేదు.

మూడోసారి రావడం మొన్న జనవరిలో. ప్రతి బల్లకూ ఇచ్చిన కార్డులకూ, పళ్ళెంలో పడిన కార్డులకూ ఒకటి తేడా వస్తోంది. ఒక్కోసారి రెండు, మూడు కూడా తగ్గేవి గానీ, ఒకటి మాత్రం తప్పకుండా తగ్గేది. ఈసారి కార్డులకు నంబర్లు వేస్తానని పెద్దలతో అన్నాను. ఆ సంగతి విని వచ్చింది.

"నంబర్లు వేయకండి టీచర్ గారూ. ఎవరో తెలిసిపోతే ఆ మనిషి ఇంకెప్పటికీ రాలేరండి."

"లెక్క తప్పుతోంది కదండీ."

వెనక నుంచి వచ్చి పెట్టినట్టే నా భుజం మీద రెండు వేళ్ళు పెట్టింది. "మీ లెక్క తప్పలేదండి. ఒకరు రావట్లేదు, అంతే. వస్తారు లెండి. తొందరపెట్టకండి."

నంబర్లు వేయడం మానేశాను. ఆమె గడప దాటి, చెప్పులు వేసుకుని, ఒక్క క్షణం ఆగింది. నేను వీధి తలుపు వేసేశాను. దోమలు వస్తున్నాయని.

నెల తిరగకుండానే పోయింది.

ఇప్పుడు మార్చి బల్ల వచ్చింది. శనివారం నాకూ కార్డు ఇస్తారు. తెల్లారేలోపు వెళ్ళి సరిచేసుకోమంటారు. ఎవరి దగ్గరికి వెళ్ళను? ఇన్ని వారాలుగా ఈ ఒక్క ప్రశ్నే నన్ను తిననివ్వలేదు. చేయగలిగింది ఒక్కటే కనపడింది. శనివారం మధ్యాహ్నం బాప్తిస్మాల రిజిస్టరు సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

అయ్యగారు వసారాలో చాపలు దులుపుతున్నారు. కూతురు రెండో అంచు పట్టుకుంది. రిజిస్టరు తెరిచి కుర్చీ మీద పెట్టాను.

"బాబు పేరు చెప్పండి అయ్యగారూ. రాస్తాను."

ఆయన చాప కింద పెట్టారు. "ఏ కాలమ్‌లో అండీ?" అన్నారు. దెప్పుతున్నట్టు లేదు. నిజంగానే అడిగారు. అందుకే నాకు ఎక్కువ తగిలింది.

"మీరు అప్పుడే నాతో ఒక్క మాట అనాల్సిందండీ. ఇన్నేళ్ళూ..."

"అంటానన్నాను. వద్దంది. 'పెద్దావిడ, నేనే చెప్పుకుంటాను, మీరు మధ్యలోకి రాకండి' అంది. కోపం పెట్టుకుని గంజి కాయొచ్చు గానీ బల్ల దగ్గరికి రాకూడదండీ అనేది. నేను పాస్టర్ని కదా, ఎన్ని వాక్యాలు చెప్పానో! వినలేదు. మీ దగ్గరికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ, 'ఈసారి కూడా కుదరలేదండీ' అనేది."

కూతురు లోపలికి వెళ్ళిపోయింది. ఆయన గొంతు తగ్గించారు.

"తుఫానప్పుడు వచ్చింది కదండీ మీ దగ్గరికి? అప్పుడు సముద్రం కోసింది రోడ్డొక్కటే కాదు. సమాధుల వరస కూడా పోయింది. బాబుది ఇప్పుడు లేదండి. గుర్తుకి ఒక్క రాయి కూడా లేదు. ఎక్కడైనా ఒకచోట వాడి పేరు రాసి ఉంటే చాలండీ అని ఆ పుస్తకం కోసం వచ్చింది."

ఆ రోజు నేను ఆమెకు రాళ్ళ గోడ గురించి చెప్పాను.

పెన్ను మూత తీశాను. ఆయన, "ఇప్పుడు రాస్తే ఎవరి కోసం అండీ?" అన్నారు.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నా కోసమేనండీ," అన్నాను.

ఆయన ఆ పేరు చెప్పారు. రెండు అక్షరాల చిన్న పేరు. ఒకటో వరుసకు పైన, అచ్చు గీతలు మొదలవక ముందు ఉన్న ఖాళీలో రాశాను. నంబరు వేయలేదు. రెండో అక్షరం కిందికి జారింది. దాన్ని దిద్దలేదు.

"తారీఖు కూడా చెప్పండి," అన్నాను.

"ఆ రెండో ఆదివారం వెళ్ళిన గురువారమండి. పొద్దున్న పదకొండు గంటలకి."

ఇంటికి వచ్చి ఆ సంవత్సరం డైరీ తీశాను. నలభై ఏళ్ళుగా నేను డైరీ రాయని రోజు లేదు. ఆ గురువారం పేజీ మీద నా అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా ఉన్నాయి.

"ఉదయం పదకొండు గంటలకు బైండింగు నుంచి కొత్త రిజిస్టరు వచ్చింది. రెండు వందల పేజీలు, ఒక్కటీ తగ్గలేదు. అట్ట చాలా బాగుంది. బాబు కోసం ఒకటో వరుసలో పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను."